గంజి పెట్టిన గుడ్డ

బందరులో కెమేరా చెడిపోతే తీసుకెళ్ళే చోటు ముప్పై తొమ్మిదేళ్ళుగా ఒక్కటే. కోనేరు సెంటరు దగ్గర సందులోకి మళ్ళితే, చెప్పుల కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఉంటుంది జ్ఞానయ్య కొట్టు. ఇద్దరు లోపలికి వెళ్తే మూడోవాడు గుమ్మంలో నిలబడాల్సిందే. రీలు కెమేరాలు పోయి డిజిటల్‌వి వచ్చినప్పుడు "ఇంక జ్ఞానయ్య పని అయిపోయింది" అన్నారు జనం. జనానికేం, నోరుంది, అంటారు. ఆయనకి అరవై దాటాయి గానీ పని మాత్రం అయిపోలేదు. దివిసీమ నుంచి గుడివాడ దాకా పెళ్ళి ఫొటోలు తీసే ప్రతివాడి కెమేరా ఏదో ఒకనాడు ఆయన బల్ల మీద వెల్లకిలా పడుకోవలసిందే.

అంతటి మనిషికి ఒక జబ్బుంది. తన గుడ్డని గురించి గొప్పలు చెప్పుకోవడం.

ఆ గుడ్డ సంగతి కాస్త చెప్పుకోవాలి. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళు అచ్చు వెయ్యబోయే ముందు గుడ్డని నానబెట్టి, ఉడకబెట్టి, ఉతికి, అందులో మగ్గం నాటి గంజి చుక్క మిగలకుండా చేస్తారు. అలాంటి తెల్లగుడ్డ ముక్కలు తెచ్చుకుని, జ్ఞానయ్య మరో ఏడాది పాటు వాడి వాడి, ఉతికి ఉతికి, పసిపిల్ల బుగ్గలా తయారుచేస్తాడు. లెన్సు తుడవాలన్నా అదే, లెన్సు వెనకాల బొమ్మ పట్టే సెన్సార్ తుడవాలన్నా అదే. ఐస్‌క్రీం పుల్ల నున్నగా అరగదీసి, దాని కొసకి ఆ గుడ్డ చుట్టి, స్పిరిటు చుక్క వేసి, ఇటునుంచి అటు ఒక్కసారి లాగుతాడు. అంతే. రెండోసారి లాగితే అది మెకానిక్కు చెయ్యే కాదంటాడు.

ఈ పనికోసమే కంపెనీలు చేసే పుల్లలు వేరే ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో సంచీలో సీలు వేసి ఉంటుంది, ఒకసారి వాడి పారెయ్యాలి. గుడివాడలో స్టూడియో పెట్టుకున్న వెంకటపతి అవే వాడతాడు. ఈ వెంకటపతి ఒకప్పుడు జ్ఞానయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. శిష్యుడు సంచీ పుల్లలు కొంటున్నాడని విన్నప్పటి నుంచి గురువుగారికి కడుపులో ఒకటే మంట. వారానికోసారి ఫోను చేసి మరీ దెప్పుతాడు. శనివారం పొద్దున జరిగిన అనర్థానికి ఆ దెప్పుడే మూలం.

ఆ ముందురోజు సాయంత్రం గిలకలదిండి నుంచి లహరి వచ్చి తన కెమేరా ఇచ్చి వెళ్ళింది. సముద్రం మీద వేటకి వెళ్ళే పోతయ్య కూతురు లహరి. ఇరవై నాలుగేళ్ళు. రెండేళ్ళు ఎవరి వెనకాలో లైటు పట్టుకుని నిలబడి పని నేర్చుకుని, ఎట్టకేలకు సెకండ్ హ్యాండ్‌లో సొంత కెమేరా కొనుక్కుంది. ఇప్పుడు తీసిన ప్రతి ఫొటోలోనూ ఆకాశం మీద నల్ల మచ్చలు వస్తున్నాయి.

"నాన్న పడవ మీద లెన్సు మార్చానండీ మావయ్యగారూ. అక్కడేదో పడి ఉంటుంది లోపల," అంది. "కాస్త తుడిచిపెట్టండి. గురువారం నాగాయలంకలో పెళ్ళి. మొత్తం నేనే తీస్తున్నాను."

"మొత్తం నువ్వే? ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే! ఇది బాగా వస్తే దివిసీమలో ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు వస్తాయి. రాకపోతే ఇంక నాన్న మాటే. మా వీధి పిల్లలతో రొయ్యల కంపెనీ వ్యానెక్కడమే."

"ఎక్కవులే. రేపు మధ్యాహ్నం రా," అన్నాడు జ్ఞానయ్య. మచ్చలు తుడవడం ఆయనకి పావుగంట పని.

శనివారం పొద్దున బల్ల ముందు కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డ పుల్లకి చుట్టి, స్పిరిటు వేసి, కెమేరా నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే శిష్యుడికి ఫోను చెయ్యాలన్న బుద్ధి పుట్టింది. కళ్ళజోడు నుదుటి మీద, ఫోను చెవికీ భుజానికీ మధ్య.

"ఒరేయ్ వెంకటపతీ! ఇంకా ఆ సంచీ పుల్లలే కొంటున్నావా? పెడన గుడ్డ ముందు అవెందుకు పనికొస్తాయిరా? ఇదిగో, ఇప్పుడే ఒక సెన్సార్ తుడుస్తున్నాను, వింటూ ఉండు..."

అని లాగాడు. పుల్ల కింద సన్నగా గర్రుమంది.

ముప్పై తొమ్మిదేళ్ళలో ఆ చప్పుడు ఆయన విన్నది లేదు. "మళ్ళీ చేస్తానురా" అని ఫోను పెట్టేశాడు. లెన్సు బిగించి, ఎదురుగా ఉన్న తెల్లగోడని ఫొటో తీసి చూశాడు. నల్ల మచ్చలు పోయాయి. వాటి చోట మూడు గీతలున్నాయి, వంపు తిరిగి, ఈ కొస నుంచి ఆ కొసకి. 

పుల్లకున్న గుడ్డ విప్పి కళ్ళజోడు దించి చూశాడు. తడిసిన కొస మెత్తగానే ఉంది. తడవని కొస మాత్రం అట్టముక్కలా నిలబడింది. వేళ్ళతో నలిపితే పిండి రాలింది, దాంతో పాటు ఇసుక. గంజి!

ఆయన భార్య కృపావతి ప్రతి శుక్రవారం ఇంట్లో తెల్లబట్టలన్నిటికీ గంజీ నీలం పెట్టి డాబా మీద ఆరేస్తుంది. ఆదివారం గుడికి వెళ్తే ఆయన పంచె ఫెళఫెళలాడాలి, అది ఆమె గర్వం. కిటికీలో ఆరేసిన గుడ్డ ముక్క కూడా తెల్లగానే కనపడింది కదా, పంచెలతో పాటు దాన్నీ గంజిలో ముంచింది. సముద్రం గాలికి ఎగిరొచ్చిన ఇసుక ఆ తడి గంజిలో అతుక్కుని ఎండిపోయింది. గుడ్డ చేత్తో పట్టుకుంటేనే తెలియాల్సింది. తెలిసేదే, ఫోనులో గొప్పలు చెప్పుకోకుండా ఉంటే.

మధ్యాహ్నం లహరి వచ్చేదాకా ఆయన అన్నం క్యారేజీ విప్పలేదు. ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాడు. తీరా ఆ పిల్ల వచ్చి, నవ్వుతూ కెమేరా అందుకుని, గోడని ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి చూసింది. ఆమె మొహం రంగు మారిపోయింది.

"ఇదేంటండీ? గీతలు?"

జ్ఞానయ్య నోరు విప్పేలోపలే ఆమె అనేసింది. "ఉప్పు కదా? ఉప్పు తినేసింది కదండీ? పడవ మీద ఆ డబ్బా విప్పకే అని నాన్న అరుస్తూనే ఉన్నాడు. చేజేతులా నేనే..."

"అయ్యుండొచ్చమ్మా," అన్నాడు జ్ఞానయ్య.

అన్నది ఆ ఒక్క మాటే. కానీ ఆ మాట పట్టుకుని దాని వెనకాల ఇంకోటి వచ్చింది. "సెన్సారే పోయినట్టుంది. పార్టు రావాలంటే నెల పడుతుంది." లహరి ఏడవలేదు. కెమేరాని చున్నీలో చుట్టుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా మెట్లు దిగిపోయింది.

మర్నాడు ఆ నెలలో మొదటి ఆదివారం. జ్ఞానయ్య వాళ్ళ చర్చి సంఘంలో మొదటి ఆదివారమంటే ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కల పళ్ళెం వరస వెంట చేతులు మారుతుంది. ఎవరికైనా అన్యాయం చేసి అది దిద్దుకోనివాళ్ళు ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టకూడదు. అలాగని తీసుకోకుండా పక్కకి అందించే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు, సంఘమంతా చూస్తుంది గనక. పాస్టరు శామ్యూల్ రాజ్ గారు ఎవరి మనసు వాళ్ళు పరీక్షించుకోండని ప్రతి నెలా చెప్పే మాటే చెప్పారు. జ్ఞానయ్య సంఘ పెద్ద. ముందు వరసలో మొదట ఆయనే.

కొత్తగా గంజి పెట్టిన చొక్కా కాలరు మెడ దగ్గర గరగరలాడుతోంది. పళ్ళెం వచ్చి ఆయన ముందు ఆగింది. లహరి మొహం కళ్ళ ముందు ఆడింది. జ్ఞానయ్య పళ్ళెం రెండు చేతులా అందుకుని, ఏమీ తీసుకోకుండా, పక్కనున్న మోషేకి అందించేశాడు.

మోషే పళ్ళెం వెనక్కి జరిపాడు. "తీసుకో అన్నా," అని గొణిగాడు. జ్ఞానయ్య తల అడ్డంగా ఊపాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక దగ్గు, ఇంకో దగ్గు వినిపించాయి. ఆరాధన ముగిసి చెప్పులేసుకునేలోపలే పందిరి కింద పంచాయతీ మొదలైంది. తమ్ముడితో గొడవై ఉంటుందని ఒకరన్నారు. ఇంకెక్కడో సంసారం ఉందేమోనని ఒకరన్నారు. "ఈ వయసులోనా!" అంటే, "వయసుదేముందిలే అక్కా," అని సమాధానం.

ఇంటికి వచ్చాక కృపావతి తలుపు వేసి, గడియ పెట్టి, అప్పుడు అడిగింది. "ఏం చేశారు?"

జ్ఞానయ్య కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పాడు. కృపావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నది.

"గంజి పెట్టిందాన్ని నేను కదండీ. పాపం మీదెలా అవుతుంది?"

"గంజి పాపం కాదే. గీతలు పడ్డమూ పాపం కాదు. ఆ పిల్ల తప్పు తన మీద వేసుకుంటుంటే నేను వేసుకోనిచ్చాను. అదే పాపం."

  కృపావతి మళ్ళీ గడియ తీసి, చెప్పులు తొడుక్కుంది. "అన్నం తర్వాత తిందాం. పదండి."

"నువ్వెందుకు?"

"గంజి నాది కాదూ?"

ఇద్దరూ ఆటో ఎక్కి గిలకలదిండి వెళ్ళారు. పోతయ్య ఇంటి ముందు నీడలో కూర్చుని తెగిన వల ముడులు వేస్తున్నాడు. లహరి గుమ్మంలో ఉంది. ఒక్క రాత్రికే మొహం పీక్కుపోయింది పిల్లకి. వీళ్ళని చూసి లేచి నిలబడింది గానీ రమ్మనలేదు.

"రండి మేస్త్రీగారూ, రండి," అన్నాడు పోతయ్య. "మా అమ్మాయి చేసిన ఘనకార్యం చూశారుగా. ఉప్పుగాలికి ఇనుమే ఆగదు, అద్దాలు ఆగుతాయా అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. రేపట్నుంచి వ్యానెక్కుతానని కంపెనీవాళ్ళకి చెప్పేసింది. ఆ నాగాయలంకవాళ్ళకి కూడా ఇవాళే చెప్పెయ్యమన్నాను, వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు."

"చెప్పొద్దమ్మా!" అన్నాడు జ్ఞానయ్య. కూర్చోమన్నా కూర్చోలేదు. "పోతయ్యగారూ, ఉప్పు కాదు. ఆ గీతలు గీసింది నేను."

నిలబడే అంతా చెప్పాడు. ఫోను సంగతి, గుడ్డ సంగతి, నిన్న మధ్యాహ్నం తానన్న మాట సంగతి. పోతయ్య చేతిలో వల దారం అలాగే ఆగిపోయింది.  ముందు మాట్లాడింది లహరే.

"నిన్నట్నుంచి నా నోట్లో ముద్ద దిగలేదండీ. నాకు కెమేరా పట్టుకునే అర్హతే లేదనుకున్నాను. నాన్న అన్న ప్రతి మాటా నిజమేననుకుని పడ్డాను."  "చెయ్యి జారడం ఎవరికైనా జారుతుంది. నాకూ జారుతుంది. కానీ 'అయ్యుండొచ్చమ్మా' అన్నారు చూడండి, అది చెయ్యి జారడం కాదు జ్ఞానయ్యగారూ."

రెండేళ్ళుగా మావయ్యగారూ అని నోరారా పిలిచిన పిల్ల. ఆ జ్ఞానయ్యగారూ ఆయనకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"కాదమ్మా," అన్నాడు. "కాదు. అందుకే వచ్చాను. నిన్న నీకు రెండో అబద్ధం కూడా చెప్పాను. సెన్సార్ పోలేదు. దాని మీద కాపలాకి ఒక అద్దం ఉంటుంది, గీతలు దాని మీదే. అచ్చం నీ మోడల్ కెమేరాయే ఒకటి గుడివాడలో వెంకటపతి దగ్గర చచ్చి పడి ఉంది. దానికి షట్టర్ పోయింది, అద్దం బాగానే ఉంటుంది. రేపు తెస్తాను. ఎల్లుండి మార్చేస్తాను. గురువారం ముహూర్తానికి ముందే నీ చేతిలో పెడతాను."

"నా కెమేరా మళ్ళీ మీ చేతికి ఎలా ఇవ్వమంటారు?"

 కృపావతే కల్పించుకుంది. "ఇవ్వొద్దమ్మా. నువ్వే పట్టుకురా, నువ్వే దగ్గర కూర్చో. ఆయన చెయ్యి తప్పుతుందనిపిస్తే ఆ చెయ్యి పట్టుకుని ఆపెయ్యి. నేనూ ఉంటాను."

 పోతయ్య వల పక్కన పెట్టి లేచాడు. కూతురి వంక చూడలేక గోడ వంక చూస్తూ, "పిల్లని లేనిపోని మాటలన్నాను," అన్నాడు తనలో తాను. తర్వాత వీళ్ళ వైపు తిరిగాడు. "మధ్యాహ్నం దాటింది, మీరూ తిన్నట్టు లేరు. చేపల పులుసు ఉంది. గడప దాకా వచ్చి నిజం చెప్పిన మనుషుల్ని పస్తు పంపిస్తే మాకు మంచిది కాదు. కూర్చోండి." లహరి మాట్లాడకుండానే కంచాలు పెట్టింది, మాట్లాడకుండానే వడ్డించింది. అన్నం కలుపుతున్నంతసేపూ జ్ఞానయ్య తల ఎత్తలేదు.

సోమవారం బస్సు దిగి గుడివాడ స్టూడియోలో అడుగుపెట్టేసరికి వెంకటపతి దగ్గర ఇద్దరు బేరగాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాడు జ్ఞానయ్య. మళ్ళీ, ఆగడం అలవాటైతే మొదటికే మోసమనుకున్నాడు. ఆ ఇద్దరి ముందే విషయం చెప్పేశాడు.

వెంకటపతికి ముందు పగలబడి నవ్వు వచ్చింది. "గురువుగారూ! నన్ను వింటూ ఉండమన్నారే, అప్పుడేనా?"

"అప్పుడేరా."

"గర్రుమన్నది నాకూ వినపడింది! సిగ్నల్ బాగాలేదేమో అనుకున్నాను," అని ఇంకా నవ్వబోయాడు. గురువుగారి మొహం చూసి నవ్వు మింగేశాడు. అద్దాల బీరువా తెరిచి చచ్చిన కెమేరా తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద సంచీ పుల్లల పెట్టె ఒకటి పెట్టాడు. "ఇవి మీకు కాదు లెండి, మీరు వాడరు. ఆ అమ్మాయికివ్వండి." ఇద్దరి మధ్యా పదిహేనేళ్ళ పంతం అక్కడితో తీరిపోయింది. జ్ఞానయ్య పెట్టె తీసి సంచీలో వేసుకున్నాడు.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి లహరి కెమేరాతో వచ్చింది. ఆ రోజు కంపెనీ వ్యాను ఎక్కలేదన్నమాట. ముందురోజూ ఎక్కలేదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, ఈయన అడగలేదు.

పని కొట్టులో కాదు, ఇంట్లో వెనక గదిలో పెట్టాడు. సెన్సార్ మీదున్న అద్దం తీసి కొత్తది పెట్టేలోపల ఒక్క ధూళి రేణువు కింద ఇరుక్కుంటే మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అందుకని కృపావతి గది కడిగి, తలుపుకీ కిటికీకీ తడి దుప్పట్లు కట్టింది. ఫ్యాను ఆపేసింది. వైశాఖ మాసం. గది ఇడ్లీ కుండలా ఉడికిపోతోంది. జ్ఞానయ్య కళ్ళజోడు ముక్కు మీద సరిగ్గా పెట్టుకుని స్క్రూడ్రైవరు తీశాడు.

"ఆగండి జ్ఞానయ్యగారూ," అంది లహరి. "ఒడ్డు గాలి ఇంకా వీస్తోంది. తొమ్మిదింబావుకి పడిపోతుంది. మళ్ళీ సంద్రం గాలి లేచేదాకా ఓ గంట ఆకు కదలదు. అప్పుడు విప్పండి."

ముప్పై తొమ్మిదేళ్ళుగా అదే ఊళ్ళో దుమ్ముతో యుద్ధం చేస్తున్న మెకానిక్కు, గాలికి ఒక వేళ ఉంటుందన్న సంగతి ఏనాడూ ఆలోచించలేదు. స్క్రూడ్రైవరు కింద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లహరి దుప్పటి సందులోంచి పెరట్లో మునగచెట్టు చూస్తూ నిలబడింది. ఆ సన్నటి ఆకులు ఊగి ఊగి, నెమ్మదించి, ఆగిపోయాయి.

"ఇప్పుడు," అంది.

సెన్సార్ పలకని మూడు మరలు పట్టుకుని ఉంటాయి. ఒక్కో మర ఎన్ని చుట్లకి ఊడి వచ్చిందో తిరిగి సరిగ్గా అన్ని చుట్లే బిగించాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫొటో మసకబారుతుంది. జ్ఞానయ్య చుట్లు పైకి చెప్తుంటే లహరి కాయితం మీద రాసింది. గీతలు పడ్డ అద్దాన్ని సన్నటి పట్టకారుతో పైకి ఎత్తి పక్కన పెట్టాడు. కింద సెన్సార్ మరక లేకుండా తళతళలాడుతోంది. చచ్చిన కెమేరా నుంచి తీసిన అద్దం అందుకున్నాడు. పెట్టబోయి, మళ్ళీ పక్కన పెట్టేశాడు.

చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది. కృపావతి గబుక్కున కొంగు ఎత్తి తుడవబోయింది.

"అత్తయ్యగారూ!" లహరి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ కొంగుకి గంజి పెట్టలేదుగా?"

కృపావతి తెల్లబోయి కొంగు చూసుకుంది. రంగు చీర, మెత్తటిది. "లేదమ్మా, ప్రమాణపూర్తిగా లేదు," అంది. ఆ కంగారు చూసి లహరికి నవ్వు ఆగలేదు. శనివారం తర్వాత ఆ పిల్ల నవ్వగా వినడం అదే. జ్ఞానయ్య మళ్ళీ పట్టకారు అందుకున్నాడు. అద్దం తన చోట్లో కూర్చుంది. కాయితం చూస్తూ లహరి చుట్లు చదివింది, ఆయన బిగించాడు.

అంతా మూసి లెన్సు పెట్టాక చూసుకోవడానికి ఎదురుగా తెల్లటిది ఏదైనా కావాలి. ఇంటి గోడలు వెల్ల రాలి మచ్చలు. పెట్టెలో బట్టలన్నీ మడతలు, మడత ఫొటోలో గీతలా పడుతుంది. ఆదివారం కట్టి విప్పిన జ్ఞానయ్య పంచె పెరట్లో దండెం మీద గంజి బిగువుతో నిటారుగా వేలాడుతోంది. దాన్నే సాగదీసి పట్టుకుంది కృపావతి. లహరి ఫొటో తీసింది, తెర మీద పెద్దది చేసి ఈ కొస నుంచి ఆ కొసకి వెతికింది. గీతలు లేవు. ఒక్కటీ లేదు. కానీ కుడి పక్క పైన చిన్న చుక్క ఒకటి ఉంది.

"అద్దం పైన పడింది, లోపల కాదు," అన్నాడు జ్ఞానయ్య. మళ్ళీ గదిలోకి వచ్చి కెమేరా విప్పి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. పోలేదు. మళ్ళీ కొట్టాడు. పోలేదు. అంటే తుడవాలి.

ఆయన కెమేరాని మెల్లగా లహరి వైపు జరిపాడు. వెంకటపతి ఇచ్చిన పెట్టె కూడా జరిపాడు. "నువ్వే తుడుచుకో అమ్మా. రెండు చుక్కలు వేసి ఒక్కసారి లాగితే చాలు. నా వల్ల కాదు."

లహరి సంచీ చించి పుల్ల తీసింది. స్పిరిటు రెండు చుక్కలు వేసింది. తెరిచి ఉన్న కెమేరా వంక చూసింది, పెద్దాయన మొహం వంక చూసింది. బయట మునగాకు ఇంకా కదలడం లేదు. పుల్ల తీసుకెళ్ళి ఆయన వేళ్ళ మధ్య పెట్టింది.

"మీరే తుడవండి మావయ్యగారూ," అంది.

జ్ఞానయ్య కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఫోను పక్క గదిలో మోగుతోంది, మోగనిచ్చాడు. ఇటునుంచి అటు, ఒక్కసారి లాగాడు. ఏ చప్పుడూ రాలేదు.

మళ్ళీ పెరట్లోకి వచ్చారు. మళ్ళీ పంచె పట్టుకుంది కృపావతి, మళ్ళీ ఫొటో తీసింది లహరి. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి తెరలోకి చూశారు. తెల్లగా ఉంది. నేత పోగులు కూడా లెక్కపెట్టొచ్చు.

"అయ్యో, అదిగో!" కృపావతి కెవ్వుమంది. "కింద! పచ్చగా!"

 లహరి తెర మీద అక్కడే పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. తర్వాత దండెం దగ్గరికి నడిచి పంచె అంచు వేలితో పట్టుకుంది.

"ఇది కెమేరాది కాదు అత్తయ్యగారూ, పంచెది. మా ఇంటి చేపల పులుసు."

కృపావతి నవ్వింది, లహరి నవ్వింది. జ్ఞానయ్యకి నవ్వు వచ్చేలోపలే ఏడుపు ముంచుకొచ్చింది. రెండు చేతుల్లో కెమేరా పట్టుకుని, ఆ పులుసు మరకనే చూస్తూ, పెరట్లో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. మునగచెట్టు కొసన ఒక ఆకు కదిలింది. సంద్రం గాలి లేస్తోంది.

"కెమేరా ఇటివ్వండి మావయ్యగారూ," అంది లహరి, చెయ్యి చాపుతూ. "కళ్ళనీళ్ళు కూడా ఉప్పేగా."